గ్లాసు నింపింది ఎవరు?

మా బాబాయి కొడుకు న్యూజెర్సీలో ఎంఎస్ చదువుతున్నాడు. పోయిన వారం అర్ధరాత్రి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్. ‘‘అన్నా, వచ్చే ఆదివారం మెట్‌లైఫ్ స్టేడియం దగ్గర టెయిల్‌గేట్ పెడుతున్నాం. హోస్ట్ నేనే! గ్రిల్ కొన్నాం, కూలర్ కొన్నాం, ఎన్ని బీర్లో కూడా లెక్కేశాం. ఇంకేమైనా మర్చిపోయామా?’’

మర్చిపోయారు. తిరిగొచ్చేటప్పుడు కారు ఎవరు నడుపుతారో ఆ లిస్టులో లేదు.

టెయిల్‌గేట్ అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి కొన్ని గంటల ముందే స్టేడియం పార్కింగ్‌కి చేరుకుంటారు. ట్రక్కు వెనక తలుపు దించి, అక్కడే కాల్చుకుని, తిని, తాగి గోల చేస్తారు. ఆ వెనక తలుపు పేరే టెయిల్‌గేట్. జాతర దగ్గర బళ్ళు విప్పి వంటలు పెట్టుకోవడం మనకి తెలిసిందేగా, దాదాపు అదే. శనివారం కాలేజీ మ్యాచ్‌లు, ఆదివారం ఎన్ఎఫ్ఎల్. చదువుకని, ఉద్యోగమని వెళ్ళిన మనవాళ్ళు కూడా ఒక్క సీజన్‌లోనే ఈ సరదాకి అలవాటు పడిపోతారు. పడొచ్చు, తప్పేం లేదు.

కానీ మా తమ్ముడికి నేను చెప్పింది ఆ రాష్ట్రంలోనే జరిగిన ఒక పాత కేసు గురించి. ఒకాయన స్నేహితుణ్ణి ఇంటికి పిలిచి స్కాచ్ పోశాడు. వెళ్తుంటే కారు దాకా వెళ్ళి, కాసేపు మాట్లాడి, సాగనంపాడు. పాపం, క్షేమంగా చేరాడో లేదో అని కాసేపటికి ఫోన్ కూడా చేశాడు. అటువైపు ఆ స్నేహితుడి భార్య ఎత్తి, యాక్సిడెంట్ అయిందని చెప్పింది. ఎదురుగా వస్తున్న కారుని గుద్దేశాడు, అందులోని మహిళకి తీవ్ర గాయాలు. ‘రెండు మూడు పెగ్గులే’ అన్నాడుగానీ, రక్తంలో ఆల్కహాల్ 0.286 శాతం ఉంది. ఇప్పుడు అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో డ్రైవింగ్‌కి హద్దు 0.08, యూటాలో ఇంకా తక్కువ, 0.05. ఆ మహిళ మందు పోసినాయన మీద కూడా దావా వేసింది. వేయొచ్చని 1984లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు తేల్చింది. అతిథికి ఎక్కిందని తెలిసీ, బండి నడుపుతాడని తెలిసీ ఇంకా పోస్తే, జరిగిన నష్టానికి ఆతిథ్యం ఇచ్చినవాడూ జవాబుదారే.

ఇంట్లో పార్టీ అయితే ‘క్యాబ్‌లో వెళ్తాడనుకున్నా’ అని ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. టెయిల్‌గేట్‌లో ఆ మాట చెల్లుతుందా? పార్టీయే కారు డిక్కీ దగ్గర కదా!

‘‘మూడు గంటల మ్యాచ్ అన్నా, అయిపోయేసరికి దిగిపోతుందిలే’’ అన్నాడు వాడు. లెక్క చూద్దాం. 5 శాతం ఉండే 12 ఔన్సుల బీరు క్యాన్ ఒక డ్రింక్. మన లివర్ సుమారుగా గంటకి ఒకటి చొప్పున అరగదీస్తుంది. మ్యాచ్‌కి ముందు గబగబా ఆరు తాగినవాడికి ఆఖరి విజిల్ టైముకి కూడా సగం లోపలే ఉంటుంది. బ్లాక్ కాఫీ తాగితే నిద్ర పోతుందేమోగానీ, మత్తు పోదు.

ఇక్కడో మెలిక. రాష్ట్రం మారితే చట్టం మారుతుంది. టెక్సస్‌లో పెద్దవాళ్ళకి ఇంట్లో మందు పోసినవాడి మీద ఇలాంటి దావా మామూలుగా నిలబడదు. ‘డాలస్‌లో మావాడికి ఏం కాలేదు’ అన్న ధైర్యంతో న్యూజెర్సీలో పార్టీ పెట్టకండి. అలాగని టెక్సస్‌లో ఏం చేసినా చెల్లుతుందనీ కాదు. 21 ఏళ్ళు నిండనివాళ్ళకి మందిస్తే అక్కడ 4,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు పడొచ్చు. 21 రూలు దేశమంతా ఉన్నదే. గ్యాంగ్‌లో బీటెక్ ఫస్టియర్ వయసు కుర్రాళ్ళుంటే ‘ఐడీ చూపించు బ్రో’ అనడం కాస్త ఇబ్బందే. అయినా అడగాల్సిందే.

మనవాళ్ళకి అసలు గుబులు వీసా. తాగి నడిపి అరెస్టయితే చాలు, శిక్ష పడకముందే అమెరికా విదేశాంగ శాఖ వీసా రద్దు చేయగలదు. తర్వాత అక్క పెళ్ళికని ఇండియా వచ్చారనుకోండి, తిరిగెళ్ళడానికి కొత్త వీసా కావాలి. ఆ ఫారంలో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా?’ అన్న ప్రశ్న తప్పకుండా ఉంటుంది. లక్షల అప్పు తెచ్చి చదువుతున్న కుర్రాడికి ఆ గడిలో ‘అవును’ అని కొట్టడం ఎంత ఖరీదో చెప్పక్కర్లేదు.

డబ్బుల సంగతి కూడా. ఖర్చు అందరూ పంచుకుంటే సరే. కప్పుకి ఇంత అని వసూలు చేస్తే మాత్రం లైసెన్స్ లేకుండా అమ్మినట్టు లెక్క కట్టొచ్చు. అద్దె ఇంటికి ఇన్సూరెన్స్ ఉంటే, మందు వల్ల జరిగే ప్రమాదాలకి వర్తిస్తుందో లేదో ఆ కాగితం ఓసారి చదవండి.

ఇక నిప్పు. 2019 సెప్టెంబరులో మయామీ డాల్ఫిన్స్ స్టేడియం బయట వేడి గ్రిల్‌ని కారు కింద వదిలేసి వెళ్తే, ఆ కారుతో పాటు పక్కనున్నవీ తగలబడ్డాయి. బూడిదలా కనిపించే బొగ్గులు కూడా కాలుతూనే ఉంటాయి, నీళ్ళతో పూర్తిగా తడపాలి. వానొచ్చిందని గ్రిల్‌ని టెంటులోకి లాక్కోవద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన కూడా ఉండదు. చికెన్ లోపల 74 డిగ్రీల సెల్సియస్‌కి చేరాలి. బిర్యానీ ట్రే బయట రెండు గంటలకి మించి ఉండకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే.

ఎవరైనా లేపినా లేవకపోతే, ఊపిరి మరీ నెమ్మదిగా తీస్తుంటే, ‘పడుకోనీ, పొద్దున్నకి సర్దుకుంటాడు’ అనొద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టి 911కి కొట్టండి. కేసవుతుందన్న భయంతో ఆగొద్దు. న్యూజెర్సీలో 21 నిండనివాళ్ళు తాము తాగి ఉన్నా, ఫోన్ చేసి పేరు చెప్పి అక్కడే ఉండి సహకరిస్తే, తాగినందుకు వాళ్ళ మీద కేసు పెట్టరు.

నిన్న తమ్ముడి మెసేజ్ మళ్ళీ వచ్చింది. మొత్తం పదకొండు మంది. రెండు కార్లు, చుక్క ముట్టని ఇద్దరు డ్రైవర్లు. తాళాలు వాళ్ళ జేబులోనే. కార్లలో పట్టనివాళ్ళు సికాకస్ జంక్షన్ నుంచి మ్యాచ్ రోజు నడిచే రైలెక్కుతారు. మెనూలోకి పులిహోర కూడా వచ్చి చేరింది. ఎవరు కలుపుతారన్నదే ఇంకా తేలలేదట. నిజం పులిహోరేనండీ!