సంచిలోని బొగ్గు ఏ బొగ్గు?

ప్రత్తికట్టెను బొగ్గుచేసి, బయోచారను పేర జూబిలీహిల్సు, ఫిల్మునగరు మేడల తోఁటలకు అమ్మవచ్చునని మన సభ్యులు కొందఱు తలఁచుచున్నారు. తలఁపు మంచిదే. జూబిలీహిల్సునందు ఇండ్లస్థలములు పంచినదియు నొక సహకార సంఘమే గదా! కాని బొగ్గంతయు నొక్కటి కాదు.

కట్టెబొగ్గున బూడిద స్వల్పము. ఊకబొగ్గున సగమువఱకును బూడిదయే, అందును విశేషభాగము సిలికా. సాధారణముగా 350 డిగ్రీల సెంటిగ్రేడు వేఁడిమిని కాలినది ఎరువు సారమును పట్టి నిలుపును. 600 దాఁటినచో సూక్ష్మరంధ్రములతోపాటు క్షారగుణమును హెచ్చును.

ఆ గుట్టల నేల గ్రానైటు రాతినుండి పుట్టిన యెఱ్ఱచల్క. నీరు నిలువదు గనుక బొగ్గు మేలే చేయును. అయితే ఉప్పుబోరునీటితో ముందే క్షారమెక్కిన మంటికి బూడిద బొగ్గు వేసినచో, మొక్కకు ఇనుమందక లేఁతయాకులు పసుపుబాఱును. నష్టము తోఁటవారిది, అపకీర్తి మన సంఘమునకు.

కాఁబట్టి ఏ కట్టె, ఎంత వేఁడిమి, పి.హెచ్. ఎంత యని అచ్చువేయక యొక్క సంచియు పంపరాదని మా యభిప్రాయము. ధర కొంత పెరుగును, పెరుగనిండు. పచ్చిబొగ్గు నత్రజనిని తానే పట్టుకొనును గావున, పెంటతో కలిపి నెలదినములు మాఁగనిండు. పిదప రెండు కుండలలో మన్ను పోసి, ఒకదానియందే బొగ్గు కలిపి, రెంటను మెంతులు చల్లి చూడుఁడు.