పండగ బొమ్మ... చంకలో పిల్లాడు!

సంక్రాంతి దగ్గర పడిందంటే చాలు, మనవాళ్లందరిదీ ఒకటే గోల. ఎవరి బొమ్మ ముందు, ఎవరిది వెనక, ఎవరికి ఎన్ని హాళ్లు దొరికాయి, ఎవరికి దొరకలేదు! ఈ మధ్య మాత్రం ఇంకో రకం ప్రశ్న చెవిని పడుతోంది. "మా పాపకి మూడేళ్లండీ... పండగ సినిమాకి తీసుకెళ్లొచ్చంటారా?" అడిగేది ఎవరనుకున్నారు? మొన్నమొన్నటి దాకా తెల్లారుజామున నాలుగింటికే బెనిఫిట్ షో గేటు పట్టుకుని వేలాడిన కుర్రాళ్లే! పెళ్లయింది, పిల్లలు పుట్టారు, సరదా మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎలా పోతుంది లెండి!

వాళ్లని తప్పుపట్టడానికి వీల్లేదు. సంక్రాంతికి కుటుంబమంతా కలిసి హాలుకి వెళ్లడం మనకి కొత్త బస్తీ అలవాటేం కాదు. కొత్త అల్లుడొస్తే అత్తారింట్లో భోజనం తర్వాత జరిగే కార్యక్రమం అదేగా! నిర్మాతలకీ ఆ సంగతి తెలుసు. అందుకే 2013లో 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు', 2017లో 'శతమానం భవతి', 2019లో 'ఎఫ్ 2', 2020లో 'అల వైకుంఠపురములో'... ఇలా ఇల్లూ, వాకిలీ, వరసలూ ఉన్న బొమ్మలన్నీ ఏరి కోరి జనవరిలోనే దింపారు. 'హను-మాన్' కూడా 2024 జనవరి 12నే వచ్చింది. దాంట్లో హీరో తేజ సజ్జా ఎవరు? 'చూడాలని వుంది'లోనూ, 'ఇంద్ర'లోనూ బుడతడిగా కనిపించిన బాలనటుడే. మన కళ్లముందే ఎదిగిపోయాడు!

అయితే అసలు చిక్కెక్కడంటే, ఈ కుటుంబ చిత్రాల్లో 'కుటుంబం' అంటే లెక్కకొచ్చేది ఎనిమిదేళ్లు దాటినవాళ్లే. మూడేళ్ల పిల్లకి రెండున్నర గంటల కథ ఏం పడుతుంది చెప్పండి? చీకటి, చలిమర, గుండెల్లో గుద్దినట్టు సౌండు, పక్కన మావయ్య ఈల! మొదటి పాట దాకా కళ్లు పెద్దవి చేసుకుని చూస్తుంది. రెండో ఫైటుకి నాన్న చొక్కాలో తల దాచుకుంటుంది. ఇంటర్వెల్లు గంట కొట్టేసరికి సమోసా సగం తిని నిద్రపోతుంది. లేదా నిద్రపోదు... అప్పుడు వాళ్లమ్మ మిగతా బొమ్మంతా వరండాలో గోడ మీది పోస్టర్లు చూస్తూ గడుపుతుంది. ఇది మీ ఊళ్లోనూ చూసే ఉంటారు. బయట వరండాలో పిల్లాణ్ణి భుజాన వేసుకుని అటూ ఇటూ తిరిగేది నూటికి తొంభైసార్లు తల్లే. తండ్రిగారు లోపల క్లైమాక్సులో ఉంటారు!

తిరువనంతపురంలో కేరళ ప్రభుత్వ చలనచిత్ర సంస్థవాళ్లు ఈ వరండా బాధ కనిపెట్టారు. తమ కైరళి థియేటర్ల సముదాయంలో 2022లో అద్దాల గది ఒకటి కట్టించారు. ఏడ్చే పిల్లతో లోపల కూచుంటే బయటివాళ్లకి గోల వినపడదు, మనకి బొమ్మ తప్పదు. మన పెద్ద పెద్ద మల్టీప్లెక్సుల్లో పాప్‌కార్నుకి నాలుగు కౌంటర్లు పెట్టేవాళ్లకి ఇలాంటి గదొకటి కట్టాలని ఎందుకు తోచదో!

ఇంకో సంగతి. సర్టిఫికెట్టు మీద రాసింది ఎంతమంది చదువుతున్నారు? పాత 'యు/ఎ'ని 2024లో వచ్చిన కొత్త రూల్సు మూడు ముక్కలు చేశాయి: ఏడేళ్లు పైన, పదమూడు పైన, పదహారు పైన. అంటే ఆ వయసు నిండని పిల్లలకి చూపించాలా వద్దా అన్నది తల్లిదండ్రులు ఆలోచించుకోవాలని సూచన. గేటు దగ్గర ఎవరూ ఆపరు. ఆపవలసింది మనమే. ఆ చిన్న అంకె కోసం పోస్టరు మీద కొంచెం వెతుక్కోవాలి, అంతే.

రద్దీ సంగతి మాత్రం నవ్వుతూ చెప్పేది కాదు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో 'పుష్ప 2' ప్రీమియర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె చిన్న కొడుకు ప్రాణాపాయంలో ఆస్పత్రి పాలయ్యాడు. ఆ తర్వాత 2025 జనవరిలో తెలంగాణ హైకోర్టు పదహారేళ్ల లోపు పిల్లల్ని పొద్దున్న పదకొండు లోపు, రాత్రి పదకొండు దాటాక హాళ్లలోకి పంపవద్దంది. మార్చిలో ఆ కట్టడిని సడలించింది. కోర్టు సడలించినా నా మాట మాత్రం సడలదు. ప్రీమియర్లకీ, మొదటిరోజు తోపులాటకీ పసిపిల్లల్ని తేవద్దు. హీరో మీద అభిమానం మీది, ఆ పసివాడిది కాదు.

సరే, మరి పండగ సరదా మానుకోవాలా అంటారేమో. అక్కడికే వస్తున్నా. మా మిత్రుడొకడున్నాడు. హైదరాబాదులో ఉద్యోగం, నాలుగేళ్ల పాప, ఏడాదిన్నర బాబు. అత్తారిది అమలాపురం పక్క పల్లె. 2025 సంక్రాంతికి వెళ్తూ రైల్లోనే తగువు మొదలెట్టాడట. పన్నెండో తారీకు 'డాకు మహారాజ్' రిలీజు. తనేమో బాలయ్యబాబు బొమ్మ మొదటిరోజు తప్పిందే ఎరగడు. "అందరం కలిసే పోదామే, పిల్లలూ సరదాపడతారు" అన్నాడు. దానికి ఆవిడ చెప్పిన సమాధానం నాకు అతనే చెప్పాడు, అదీ తల దించుకుని: "పాప పుట్టినప్పట్నించీ నేను హాల్లో కూర్చుని చూసిన సినిమా ఒక్కటైనా ఉందాండీ? మీరు చూశారు, నేను వరండా చూశాను."

నాలుగేళ్లండీ! కాలేజీ రోజుల్లో మ్యాట్నీ, ఫస్ట్ షో ఒకే రోజు చూసిన మనిషట ఆవిడ.

మిత్రుడు మొండివాడే గానీ మూర్ఖుడు కాదు. ఒప్పందం కుదిరింది. భోగి రాత్రి సెకండ్ షోకి అతను, బావమరుదులు. సంక్రాంతి నాడు మ్యాట్నీకి ఆవిడ, వాళ్ల చెల్లెలు. ఆ పూట పిల్లలిద్దరూ తండ్రి పూచీ. ఆ రోజే, అంటే జనవరి 14నే, 'సంక్రాంతికి వస్తున్నాం' విడుదల. గమనించారా? ఫస్ట్ డే భాగ్యం చివరికి ఎవరికి దక్కిందో!

ఇహ పిల్లల పండగ చూద్దాం. పాప వచ్చేసరికే అమ్మమ్మ ఆవుపేడతో చిన్న చిన్న భోగి పిడకలు తట్టి, మధ్య కన్నం పెట్టి ఎండబెట్టి ఉంచింది. వాటిని తాడుకి దండలా గుచ్చడం పాప పని. ఒక పూటంతా గడిచింది. సెల్‌ఫోను ఎక్కడుందని కూడా అడగలేదట! భోగి నాడు చీకటితోనే లేపి, శాలువా చుట్టి, తాతయ్య చంకనెక్కించుకుని ఆ దండ మంటలో వేయించాడు. చలికి ముక్కు కారుతున్నా దిగనంది. అక్కడో ముచ్చట: పక్కవీధి కుర్రాళ్లు పాత టైరు పట్టుకొస్తే తాతయ్య ఒప్పుకోలేదు. ఆ నల్ల పొగ పసివాళ్ల ఊపిరితిత్తులకి మంచిది కాదన్నాడు. తాటాకులూ, ఎండు కొమ్మలూ, పిడకలూ ఉండగా టైరెందుకు?

సాయంత్రం భోగిపళ్లు. రేగిపళ్లు, బంతిపూల రేకులు, చెరుకు ముక్కలు, నానబెట్టిన శనగలు, చిల్లర డబ్బులు కలిపి ముత్తయిదువులు దిష్టి తీసి తల మీద పోస్తారు కదా. పాప పకపకా నవ్వుతోంది. బాబు మాత్రం ఒళ్లో పడిన రేగిపండు ఠక్కున నోట్లో పెట్టబోయాడు. వాళ్ల పిన్ని చెయ్యి పట్టుకు లాగేసింది. ఇదొక్కటి గట్టిగా చెబుతాను. పోసేటప్పుడు చూసే కళ్లు వంద, పోశాక ఏరేవి రెండే! రేగి గింజ, శనగ గింజ, రూపాయి బిళ్ల, ఈ మూడూ ఏడాది పిల్లాడి గొంతుకి సరిగ్గా అడ్డుపడే సైజు. బాగా చిన్నపిల్లలైతే పూలరేకులే ఎక్కువ పొయ్యండి. చాప దులిపేదాకా పిల్లాణ్ణి కిందకి దింపొద్దు.

సంక్రాంతి మధ్యాహ్నం. తల్లి మ్యాట్నీకి వెళ్లింది, తండ్రి ఇద్దరు పిల్లలతో అరుగు మీద మిగిలాడు. గంటలో ఏడుపు మొదలవుతుందని అందరూ పందెం కాశారట. ఇంతలో వీధి చివర సన్నాయి! గంగిరెద్దు. ఒంటి నిండా రంగు బొంతలు, కొమ్ములకి కుచ్చులు. "అమ్మగారు సినిమాకెళ్లారా?" అంటే తల ఊపింది. "అయ్యగారికి అన్నం పెట్టి వెళ్లారా?" అంటే అడ్డంగా ఊపింది. వీధంతా గొల్లుమంది. పాప భయపడలేదు. తండ్రి కాలు పట్టుకుని, ఒక్కో అడుగే ముందుకేసి, చేటలో బియ్యం తనే పోసింది. పొద్దున వచ్చిన హరిదాసు సంగతీ అంతే. నెత్తి మీద అక్షయపాత్ర దించడు గదా, పిల్ల చెయ్యి అందాలని ఆయనే మోకాళ్ల మీద వంగాడు. అంత పెద్దమనిషి తన కోసం వంగాడని పాప ఊరంతా చెప్పుకుంది!

తర్వాత గాలిపటం. దారం మామూలు నూలుదే. గాజుపొడి మాంజా ఇంట్లోకి రానివ్వలేదు. నైలాన్, సింథటిక్ మాంజాని 2017లోనే హరిత ట్రిబ్యునల్ నిషేధించింది. అయినా ఏటా మెడలు కోస్తూనే ఉంది, పక్షుల రెక్కలు తెంపుతూనే ఉంది. నాలుగేళ్ల పిల్లకి పోటీ దేనికి? పటం కొబ్బరి చెట్టంత ఎత్తు లేస్తే అదే ఆకాశం.

మ్యాట్నీ నుంచి ఆవిడ వచ్చేసరికి మిత్రుడి చొక్కా మీద పాలు, నెత్తిన గడ్డి. ఆవిడ మొహం మాత్రం వెలిగిపోతోంది. "భలే నవ్వించారు వెంకటేష్‌గారు. పిల్లల్ని తేకపోవడమే మంచిదైంది లెండి, ఆ బుల్లిరాజుగాడి నోరు విని మనది రెండో రోజే మొదలెట్టేది" అంది. నిజమే. ఓటీటీ చూసి చూసి బూతులు నేర్చిన పిల్లాడి పాత్ర అది. హాల్లో పెద్దవాళ్లకి నవ్వే నవ్వు. పెద్దలకి అందులో చెణుకు అర్థమవుతుంది. నాలుగేళ్లవాళ్లకి మాట మాత్రమే అర్థమవుతుంది! దర్శకుడు అనిల్ రావిపూడి హాస్యానికి నేనూ అభిమానినే గానీ ఈ ఒక్క చోట ఆ ఇల్లాలితోనే ఏకీభవిస్తాను.

మరి పిల్లలకి సినిమా లేదా? ఉంది. రాత్రి అమ్మమ్మ టీవీలో 'మాయాబజార్' పెట్టారు. 2010లో రంగులద్దిన ప్రింటు. మొత్తం కాదు, ఘటోత్కచుడి విందు భోజనం వరకు. లడ్డూలు వాటంతటవే ఎగిరి రంగారావుగారి నోట్లో పడుతుంటే పాప అరిసెల పళ్లెం ముందు నోరు తెరుచుకు కూచుంది. ఒకటీ ఎగరలేదు! మూడుసార్లు వేయించుకుంది. 1957 నాటి ట్రిక్కు ఇప్పటికీ నాలుగేళ్ల పిల్లని పట్టి కూచోబెట్టిందంటే మార్కస్ బార్ట్లే కెమెరాకి ఇంకా వయసు రాలేదన్నమాట.

కనుమ నాడు మినపగారెలు తిని అందరూ జగ్గన్నతోటకి బయల్దేరారు. కోనసీమ ప్రభల తీర్థం తెలియనివారుండరు. 2023 గణతంత్ర దినోత్సవంలో మన ఆంధ్రా శకటం అదే. మొసలపల్లి దగ్గర ఆ కొబ్బరితోటలోకి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు వస్తారు. వెదురు కట్టిన ఎత్తైన ప్రభలు, రంగు బట్టలు, నూలు కుచ్చులు, గంటలు, అన్నీ మనుషుల భుజాల మీదే. గంగలకుర్రువాళ్ల ప్రభలు దిగే కౌశిక గట్టు దగ్గర జనం కిక్కిరిసిపోతారు. చంటివాళ్లతో అటు పోకుండా మిత్రుడు తోట చివర గట్టెక్కి, పాపని భుజాన కూచోబెట్టుకుని దూరం నుంచే చూపించాడు. నీళ్లలో ప్రభ ఒరుగుతూ, మళ్లీ నిలబడుతూ, అరుపుల మధ్య ఒడ్డెక్కేసరికి పాప తండ్రి జుట్టు రెండు చేతులా పీకేసిందట. "నాన్నా, మళ్లీ వెయ్యమను!" అంది. టీవీ అనుకుంది పిచ్చితల్లి.

జీళ్లు కొన్నారు, బూర కొన్నారు, ఆ బూరతో ఊరంతా హోరెత్తించారు. తిరుగు ప్రయాణంలో రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద రైలు రెండు గంటలు లేటు. పండగ జనం, పెట్టెలు, అరిసెల డబ్బాలు, కాలు పెట్టడానికి చోటు లేదు. పాప అమ్మమ్మ ఇచ్చిన రంగు తువ్వాలు తమ్ముడి వీపు మీద కప్పింది. బూర సన్నాయిగా నోట్లో పెట్టుకుని పక్క బెంచీ వాళ్ల ముందు నిలబెట్టింది. "అమ్మగారికి దండం పెట్టు!" అంది. ఏడాదిన్నరవాడు నిజంగానే తల ఊపాడు.