ఏలేరు కాలువ: మోటార్ల మీదే నింద ఎందుకు?

సంపాదకులకు,

విశాఖ నీటి ఎద్దడికి ఏలేరు కాలువ మీద రైతులు పెట్టుకున్న మోటార్లే కారణమన్న మీ వ్యాసం ఒక్క వైపే చూసింది. నిండితే 24.11 టీఎంసీలు పట్టే ఏలేరు జలాశయం నుంచి ఉక్కు కర్మాగారానికీ నగరానికీ నీళ్లు చేరాలంటే 150 కిలోమీటర్ల పైచిలుకు కాలువలో పారాలి. దానికి పైకప్పేమీ లేదు. ఎండకు ఆవిరయ్యేదెంత? గట్టు పగుళ్లలో ఇంకేదెంత? తూటికాడ అడ్డం పడి నిలిచిపోయేదెంత? ఆ లెక్క అడక్కుండా ఐదు హెచ్‌పీ మోటారును దొంగను చేస్తే ఎలాగండీ? ఆ కాలువకు భూములిచ్చింది మా పల్లెలే. పిఠాపురం వైపు ఆయకట్టుదీ ఈ నీళ్ల మీదే ఆశ. నగరం వాడి వదిలిన నీటిని శుద్ధి చేసి ఫ్యాక్టరీలకు ఇంకా ఎంత మళ్లించవచ్చో ఈసారి రాయండి.

— ఒక రైతు, అనకాపల్లి జిల్లా