చైను అరిగితే సైకిలే మార్చాలా?

సంక్రాంతి వెళ్లిన మరుసటి ఆదివారం విశాఖలో ఆరిలోవ దాటి అడివివరం వైపు ఎత్తు ఎక్కుతుంటే నా సైకిల్ చైను టకటకమని జారడం మొదలుపెట్టింది. పెడల్ మీద బరువేసి తొక్కినప్పుడల్లా కాలు ఒక్కసారిగా కిందికి దిగబడిపోతోంది. రెండుసార్లు మోకాలు హ్యాండిల్‌కి తగిలింది. దిగి నడిపించుకుంటూ వెళ్లి, టీ కొట్టు దగ్గర ఆగి మా అబ్బాయికి ఫోన్ చేశాను. వాడిది బెంగళూరులో ఉద్యోగం. “అమ్మా, అది 2012లో కొన్నది. ఇంకెన్నాళ్లు తొక్కుతావు? ఎవరికైనా ఇచ్చెయ్. ఇరవైతొమ్మిది ఇంచీల చక్రాలది, డిస్క్ బ్రేకులది నేను బుక్ చేస్తా” అన్నాడు. వాడి ప్రేమ నాకు తెలుసు. కానీ చైను జారిందనగానే సైకిలే మార్చేద్దామనడం దగ్గర మాత్రం వాడితో నాకు పేచీ ఉంది. ఆ పేచీ మా ఇంట్లోదే కాదని ఈమధ్య బాగా అనిపిస్తోంది కాబట్టే ఇది రాస్తున్నాను.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ టీచర్ని. నా వయసు 49. నా సైకిల్ 26 అంగుళాల చక్రాల మౌంటెన్ బైక్. అల్యూమినియం ఫ్రేము, ముందు మూడు, వెనక ఏడు గేర్లు, రిమ్మును పట్టే రబ్బరు బ్రేకులు. అప్పట్లో 13,800 రూపాయలకు కొన్నాను. ఎండాడ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా, కొన్నిసార్లు కాపులుప్పాడ వైపు మట్టి దారుల్లోకి వెళ్తుంటాను. నేను కొండల మీద నుంచి దూకించేదాన్ని కాదు. నా అవసరం అంతే.

మర్నాడు దాన్ని కంచరపాలెంలో నేను బాబాయ్ అని పిలిచే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నలభై ఏళ్లుగా అదే పని చేస్తున్నాడు. సైకిల్ని తిరగేసి నిలబెట్టి, నా సంచిలోంచి తొంగిచూస్తున్న స్టీలు స్కేలు అడిగి తీసుకున్నాడు. చైనులో ఒక పిన్ను మధ్యలో స్కేలు సున్నా పెట్టి, అవతలి చివర చూడమన్నాడు. చైనులో ఒక పిన్ను నుంచి మరో పిన్నుకి సరిగ్గా అర అంగుళం. అంటే ఇరవైనాలుగో పిన్ను పన్నెండు అంగుళాల గీత మీద కూర్చోవాలి. అది గీత దాటి అంగుళంలో పదహారో వంతు పోతే చైను మార్చేయాలి. ఎనిమిదో వంతు పోతే చైనుతోపాటు వెనక పళ్లు కూడా అయిపోయినట్టే లెక్క. నాది ఎనిమిదో వంతుకీ కాస్త అవతల ఉంది. “ఏటమ్మా, సైకిలుకేటయింది? చైను సాగిపోనాది, అంతే. ఫ్రేము ఇనప ముక్కలాగుంది” అన్నాడు.

పిల్లలకి పాఠం చెప్పే అలవాటు కొద్దీ ఒక మాట చెప్పాలి. చైను నిజానికి రబ్బరులా సాగదు. ప్రతి పిన్నూ తాను తిరిగే చోట కొంచెం కొంచెం అరుగుతుంది. నూరు పైచిలుకు కీళ్లలో ఆ అరుగుదల కూడితే చైను పొడవు పెరుగుతుంది. పొడవు పెరిగిన చైను పంటి మొదట్లో కూర్చోక కొసకి ఎక్కుతుంది, కొసని తినేస్తుంది. మూడు నాలుగు వందల రూపాయల చైను వేళకి మార్చకపోవడం వల్ల దానికంటే ఖరీదైన పళ్లచక్రాలు పోతాయి. నా విషయంలో తప్పు నాదే. రెండేళ్లుగా నూనె వేశాను గానీ కొలవలేదు.

బాబాయ్ ఓవరాయిలింగ్ మొదలుపెట్టాడు. చైను, వెనక ఏడు పళ్ల ఫ్రీవీలు, రెండు టైర్లు, బ్రేకు రబ్బర్లు, గేరు వైర్లు, పెడల్ ఇరుసు దగ్గరి బేరింగు. అన్నిటికన్నా కష్టపడింది సీటు గొట్టం దగ్గర. మాది సముద్రపు గాలి. ఉప్పు పట్టి గొట్టం ఫ్రేములో బిగుసుకుపోయింది. నూనె పోసి రాత్రంతా వదిలేసి, పొద్దున ఇద్దరు పట్టుకుని తిప్పితే గాని రాలేదు. వచ్చాక లోపలంతా తుడిచి గ్రీజు పూసి మళ్లీ దింపాడు. “ఏడాదికోసారి తీసి పెట్టమ్మా, లేపోతే ఫ్రేమే కోసుకోవాల” అన్నాడు. విశాఖలో సైకిలున్న ప్రతివాళ్లూ ఆ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు. మొత్తం ఖర్చు కూలితో కలిపి 4,150 రూపాయలు. వారం తిరక్కుండా అదే ఎత్తు ఎక్కాను. చప్పుడు లేదు.

దీన్నిబట్టి పాతది ఎప్పుడూ బాగుచేసుకోవాల్సిందే అంటానని అనుకోవద్దు. మా తమ్ముడి సంగతి వేరు. వాడు హైదరాబాద్‌లో ఉంటాడు. నా సైకిల్ లాంటిదే వాడికీ ఉండేది. స్నేహితులతో వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో రాళ్ల దారుల్లోకి వెళ్లడం మొదలుపెట్టాడు. ముందు స్ప్రింగు ఫోర్కు చాలడం లేదని పెద్దది వేయించాడు. పాతది 80 మిల్లీమీటర్లు కుంగేది, కొత్తది 120. దాంతో సైకిల్ ముందు భాగం పైకి లేచింది, ఎత్తు ఎక్కేటప్పుడు హ్యాండిల్ పట్టు తప్పేది. తర్వాత డిస్క్ బ్రేకులు. వెనక ఫ్రేములో వాటిని బిగించే చోటే లేదు. ముందు ఒక్కదానికి వేయించాడు, దానికోసం ముందు చక్రం మార్చాడు. ఈలోగా వెనక ఇరుసు రెండుసార్లు వంగింది. మరమేకులా తిప్పి బిగించే పాతరకం ఫ్రీవీలులో కుడివైపు బేరింగు చక్రం లోపలికి ఉండిపోతుంది. అక్కడినుంచి ఫ్రేము దాకా ఇరుసు ఆధారం లేకుండా వేలాడుతుంది. బరువైన మనిషి రాళ్ల మీద దూకిస్తే వంగక ఏం చేస్తుంది? అలా 21,500 పోశాక, హ్యాండిల్ కింద వెల్డింగు దగ్గర వెంట్రుకంత పగులు కనిపించింది. అల్యూమినియం ఫ్రేముకి రోడ్డు పక్కన అతుకు వేయించుకుని కొండ దిగడం ప్రాణంతో చెలగాటం. వాడి అవసరం మారిపోయింది, సైకిల్ మారలేదు. మొదటి నెలలోనే ఆ డబ్బుకి ఇంకొంత కలిపి, ఆ దారుల కోసమే చేసిన సైకిల్ కొనుక్కోవాల్సింది. ఈ మాట వాడికి అప్పుడే చెప్పాను, వినలేదు.

మౌంటెన్ బైక్ పుట్టిన కథలో కూడా ఇదే ఉంది. 1970లలో కాలిఫోర్నియాలో టమాల్‌పైస్ కొండ చుట్టుపక్కల కుర్రాళ్లు 1930ల, 40ల నాటి ష్విన్ సైకిళ్లు పాతసామాన్లలోంచి ఏరి తెచ్చి, వాటికి లావు టైర్లు, గేర్లు, మంచి బ్రేకులు తగిలించి కొండ దిగేవాళ్లు. 1976 అక్టోబర్‌లో మొదలైన అక్కడి పందేనికి రీప్యాక్ అని పేరు. మొదట్లో కొండ దిగేసరికి ఆ పాత సైకిళ్ల వెనక హబ్బులోని బ్రేకు వేడికి గ్రీజంతా పొగై పోయేది, మళ్లీ కూరాల్సి వచ్చేది కాబట్టి ఆ పేరు. అంత ఇష్టంగా పాత సైకిళ్లను బాగుచేసుకున్నవాళ్లే, ఫ్రేములు తట్టుకోలేనప్పుడు ఆగిపోయారు. 1977లో వాళ్లలో ఒకడైన జో బ్రీజ్ ఆ పని కోసమే కొత్త ఫ్రేము కట్టాడు. పాతదాన్ని ఎంతదాకా మార్చుకోవచ్చో ఫ్రేమే చెబుతుంది.

అయితే కొనేవాళ్లని తొందరపెట్టేది ఎక్కువగా ఫ్రేము కాదు, కొలతలు. 26 అంగుళాల చక్రం పాతబడిపోయిందని, 27.5 అని, 29 అని వరసగా వచ్చాయి. మన పాలవాళ్లు తొక్కే నల్ల సైకిల్ చక్రాన్ని 28 అంటాం, దాని రిమ్ము మీద టైరు కూర్చునే చోటు వ్యాసం 635 మిల్లీమీటర్లు. కొత్తగా 29 అని అమ్ముతున్న దానిది 622, అంటే పేరు పెద్దదైనా రిమ్ము చిన్నదే. 26 కన్నా పెద్ద చక్రం గుంటల మీద సాఫీగా పోతుందన్నది నిజమే, నేను తొక్కి చూశాను. కానీ ఆ నిజం కోసం బాగా నడుస్తున్న 26 సైకిల్‌ను సెల్లారులో పడేయాల్సిన పని లేదు. మా అపార్ట్‌మెంట్ సెల్లారులో మొన్న లెక్కపెట్టాను. 19 సైకిళ్లు. 14 సైకిళ్లకి గాలి లేదు. చాలావాటికి కావాల్సింది ట్యూబూ, వైర్లూ, కాస్త నూనె.

అయితే బాగుచేయాలంటే ముక్కలు దొరకాలి. అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజునే, మూతపడింది. ఆ సైకిళ్లకి కావాల్సిన కోన్లు, కప్పులు, బాల్స్ మా బాబాయ్ కొట్లో ఇప్పటికీ డబ్బాల్లో ఉన్నాయి. ఆ కొలత మారలేదు కాబట్టి ఆ సైకిళ్లు ఇంకా నడుస్తున్నాయి. కొత్తవాటి సంగతి అలా లేదు. మా ఆడపడుచు కూతురి గేర్ల సైకిల్ కొని మూడేళ్లే. నా దానికంటే ఎన్నో రెట్లు మంచిది. పక్కకి పడి వెనక గేరును పట్టి ఉంచే హ్యాంగర్ విరిగింది. అరచేతిలో సగం ఉండదు ఆ ముక్క. దెబ్బ తగిలితే ఫ్రేము బదులు తాను విరగాలని కావాలనే మెత్తగా చేస్తారు. మంచి ఏర్పాటే. కానీ ఒక్కో మోడలుకి ఒక్కో ఆకారం. కొన్న కంపెనీని అడిగితే ఆ మోడలు ఆపేశాం, ముక్క లేదన్నారు. ఫ్రేము, చక్రాలు, బ్రేకులు అన్నీ కొత్తగా ఉన్న సైకిల్ ఏడాదిగా మెట్ల కింద ఉంది. నాకు నిజంగా కోపం వచ్చేది ఇక్కడే.

కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ పనిముట్లు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలు ఎంచుకుంది. సైకిల్‌కి అందులో విడిగా చోటు లేదు. బడిపిల్లల దగ్గర్నుంచి వాచ్‌మన్ల దాకా తొక్కే బండికి ఆ చోటు ఉండాలి. అమ్మడం ఆపేసిన మోడలుకి కూడా ఇన్నేళ్లపాటు హ్యాంగర్ లాంటి ముక్కలు ఇవ్వాలని నిబంధన పెట్టాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్లతో పాటు విడిభాగాల మీద కూడా జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. ముక్కే దొరకనప్పుడు దాని మీద పన్ను తగ్గి ఏం లాభం?

ఆ నిబంధన వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఇంట్లో ఉన్న సైకిల్ చైను మీద ఈ ఆదివారం స్కేలు పెట్టి చూడండి. కొత్తది కొనక తప్పదని తేలితే, షాపులో డబ్బు కట్టకముందే ఆ మోడలు హ్యాంగర్ ఒకటి అదనంగా ఇమ్మని అడగండి. ఇవ్వలేమంటే ఆ సైకిల్ కొనొద్దు.