ఆ భీష్ముణ్ణి ఎవరు పోగొట్టారు?

తెలుగు సినిమా చరిత్ర చెప్పమంటే అందరూ తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ దగ్గర మొదలుపెడతారు. అది 1931 సెప్టెంబరులో వచ్చిందా, 1932 ఫిబ్రవరి 6న వచ్చిందా అని ఏళ్ల తరబడి వాదించుకున్నాం. తేదీ తేలింది, సంతోషం. మరి సినిమా ఏది? అంతకు పదేళ్ల ముందు, 1921లో, రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ మద్రాసులో తీసిన మూకీ సినిమా ‘భీష్మ ప్రతిజ్ఞ’ ఏది? ఒక్క రీలు కూడా మిగల్లేదు.

మూకీకి భాషేమిటి, అది తెలుగు సినిమా ఎలా అవుతుందని కొందరు పెద్దమనుషులు తీసిపారేస్తారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. బందరులో పుట్టి మద్రాసులో ఫొటోలు తీసుకుని బతికే మనిషి వెంకయ్య, బొమ్మతోపాటు పాట వినిపించే క్రోనోమెగాఫోన్ కోసం తన స్టూడియోనే తాకట్టు పెట్టాడు. ఆ యంత్రం వేసుకుని బర్మా, సిలోన్ దాకా తిరిగాడు. 1914లో మద్రాసులో గెయిటీ సినిమా హాలు కట్టాడు. సినిమా పని నేర్చుకు రమ్మని కొడుకును సీమకు పంపాడు. ఆ కొడుకు తిరిగొచ్చి ఎత్తుకున్నది మన ఊళ్లలో భాగోతులు ఆడిన భీష్ముడి కథ. ఆడవాళ్లు తెర మీదికి రావడమే తప్పనుకునే ఆ రోజుల్లో గంగ వేషం పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ యువతి వేసింది. ఈ తండ్రీకొడుకుల దగ్గర పని నేర్చుకున్న సి. పుల్లయ్యే తర్వాత కాకినాడలో సొంతంగా సినిమా తీశాడు. ఇది తెలుగు సినిమా కాకపోతే, మన సినిమా ఆకాశం నుంచి ఊడిపడిందా?

కాలం తినేసిందని సరిపెట్టుకోకండి. ఆ రోజుల్లో రీళ్లకు వాడిన నైట్రేట్ ఫిల్ము మొండిదే. ఉక్కలో వదిలేస్తే ముందు జిగురెక్కుతుంది, చుట్టలు అతుక్కుని ముద్దవుతాయి, ఆఖరికి డబ్బాలో మిగిలేది గోధుమరంగు పొడి. అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. కానీ చల్లటి పొడి గదిలో పెడితే వందేళ్లు దాటినా నిలుస్తుంది; లూమియేర్ సోదరులు 1895లో తీసిన బొమ్మలు ఇవాళ్టికీ ఆడుతున్నాయి. మనకు మాత్రం ఫిల్ములో కనపడింది వెండి ఒక్కటే. దేశంలో తొలి టాకీ ‘ఆలం ఆరా’ను కూడా వెండి కోసమే అమ్ముకున్నారని ఫిల్మ్ ఆర్కైవిస్టు పి.కె. నాయర్ చెప్పారు. దేశంలో దాదాపు 1300 మూకీలు తీస్తే మిగిలినవి 30 లోపే, వాటిలోనూ కొన్ని ముక్కలే. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో. అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

వెంకయ్యను పితామహుడన్నాం, ఆయన పేరిట పురస్కారాలిచ్చి శాలువాలు కప్పాం. తాత పేరు చెప్పుకుని దండలేయించుకుంటూ, తాత రాసిన కాగితాలు కిలోల లెక్కన అమ్ముకున్న మనవళ్లం మనం.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ, స్టూడియోల వారసులనూ అడుగుతున్నాను: విగ్రహాలు చాలు, రీళ్లకు ఒక చల్లటి గది కట్టండి. మీ అటక మీద, మూసేసిన టూరింగ్ టాకీసు గదిలో తుప్పు పట్టిన ఫిల్ము డబ్బా కనబడితే పాత సామాన్లవాడికి వేయకండి. నిప్పుకు దూరంగా, నీడన ఉంచి పుణె ఆర్కైవ్‌కు కబురు చేయండి.