పెండ్లి చేసిన దారికి వచ్చునా?

తడ స్టేషనులో చెన్నై లోకలు బండి కొరకు నిలుచున్న మన సంఘపు పిల్ల యొకతె ఫోనులో ఒక నవల చదువుచుండెను. ఇంగ్లండు ప్రభువొకడు, పేరుమోసిన స్త్రీలోలుడు. పట్టుదల గల కన్య వానిని పెండ్లాడి మంచివానిని చేయును. "ఆమె కోసమే మారినాడండీ అయ్యగారూ" అనెను.

చదువరులారా, ఆ కథలు 1811 మొదలు 1820 వరకు రాజకుమారుడు తండ్రికి బదులుగా ఏలిన కాలమునకు చెందినవి. ఆ కాలమందే యుండి వ్రాసిన పాదిరి కుమార్తె జేన్ ఆస్టిన్ అట్లు వ్రాయలేదు. 1814లో వచ్చిన ఆమె నవల "మాన్స్‌ఫీల్డ్ పార్క్"లో ఫానీ నిరుపేద. ధనవంతుడైన క్రాఫర్డ్ ఆమెను కోరి, ఆమె అన్నకు నౌకాదళములో పదవి యిప్పించెను. పెంచిన పెదనాన్న ఆమెను కృతఘ్నురాలని గద్దించెను. వాడు ఆడపిల్లల మనస్సులతో ఆడుకొనుట కన్నులార చూచినది గనుక ఆమె కాదనెను. పుట్టింటి పేదరికములోనికి పంపినను కాదనెను. పిమ్మట వాడు పరుని భార్యతో లేచిపోయెను. పట్టుదల యనగా ఇది!

మన గురజాడయు 1909లో పెంచి అచ్చువేసిన "కన్యాశుల్కము"లో గిరీశమునకు బుచ్చమ్మను దక్కనీయలేదు; ఆమెను పూనాలోని వితంతు శరణాలయమునకు పంప నిశ్చయించెను.

అయినను ఆ పిల్లను నేనేల తప్పుపట్టవలెను? త్రాగి తిరుగు కుమారునికి "పెండ్లి చేస్తే వాడే దారికి వస్తాడు" అని సంబంధము వెదకువారు మనలో లేరా? తప్పిపోయిన కుమారుడు పందులయొద్దనే బుద్ధి తెచ్చుకొని లేచెను. అచ్చట వానికి పెండ్లికూతురును ఎవరు చూపిరి? అట్టి వరుని పేరు సంఘములో ప్రకటన చదువుమని నాయొద్దకు రావద్దు.