హోర్ముజ్‌లో ఓడ ఆగితే నడిగడ్డలో బస్తా కరువు

ఇరాన్‌కూ ఒమన్‌కూ మధ్య ఉన్న హోర్ముజ్ జలసంధి ఇరుకైన చోట 33 కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది. 2024లో రోజుకు సుమారు 2 కోట్ల పీపాల చమురు, అంటే ప్రపంచ వాడకంలో ఐదో వంతు, ఈ దారినే వెళ్లింది. ఖతార్ గ్యాస్ ఓడలకు ఇది తప్ప మరో దారి లేదు. మనకేం సంబంధం అని గద్వాల పత్తి విత్తన రైతు గానీ, వనపర్తి వరి రైతు గానీ, నాగర్‌కర్నూల్ మొక్కజొన్న రైతు గానీ అనుకోవడానికి లేదు.

యూరియా తయారయ్యేది సహజవాయువుతో. మన కర్మాగారాలు వాడే వాయువులో ఎక్కువ భాగం దిగుమతిదే. మన దేశానికి ద్రవ సహజవాయువు అందరికంటే ఎక్కువగా అమ్మేది ఖతారే. సౌదీలోని రస్ అల్ ఖైర్ రేవులో ఎక్కే డీఏపీ కూడా ఈ జలసంధి దాటాల్సిందే.

డీజిల్ ధర పెరిగితే దుక్కి కిరాయి, కోత మిషన్ కిరాయి రూపంలో మనకు తెలుస్తుంది. యూరియా అలా కాదు. 45 కిలోల బస్తా ధర 266 రూపాయల 50 పైసలుగా ప్రభుత్వమే కట్టేసింది. అందుకే దాని కొరత ధరలో కాదు, క్యూలో కనబడుతుంది.

2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ యుద్ధం 12 రోజులు సాగింది. అప్పుడు జలసంధి మూతపడలేదు. ఆ వానాకాలం కొరతకు యుద్ధం ఒక్కటే కారణమూ కాదు. దిగుమతులు తగ్గాయి, రామగుండంలో ఉత్పత్తి నిలిచింది. అంతమాత్రానికే రాష్ట్రంలో రైతులు సహకార సంఘాల ముందు చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి కాచుకున్నారు. ఆ దారే బిగిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

సబ్సిడీ ఇస్తున్నామని కేంద్రం అంటుంది. సబ్సిడీ ధరను ఆపుతుంది గానీ సరుకును తేలేదు. ఆగస్టులో వరికి అందని యూరియా అదను దాటాక వస్తే ఎవరికి లాభం? ఒమన్‌లోని సూర్‌లో ఇఫ్కో, క్రిభ్‌కో భాగస్వామ్యంతో కట్టిన యూరియా కర్మాగారం జలసంధికి బయట ఉంది. ముందుచూపు ఉంటే దారులు దొరుకుతాయి.

అందుకే మేం అడుగుతున్నాం. వానాకాలం, యాసంగి మొదలుకాకముందే మూడు జిల్లాల్లో మండలానికి సరిపడా ఎరువుల నిల్వ ఉంచాలి. రామగుండానికి గ్యాస్ ఆగకుండా చూడాలి. కౌలు రైతుకు పాసుపుస్తకం లేదని బస్తా నిరాకరించొద్దు. యూరియాకు వేరే సరుకులు ముడిపెట్టి అమ్మేవారిపై చర్యలు తీసుకోవాలి.

మన వంతుగా జీలుగ, జనుము వేసి నేలను కాపాడుకుందాం. దానివల్ల బస్తాలు కొంత తగ్గుతాయి. కానీ ఆ పేరు చెప్పి ప్రభుత్వం తన బాధ్యత తప్పించుకుంటే ఒప్పుకోం. ప్రతి గ్రామ కమిటీ తన ఊరి ఎరువుల అవసరం లెక్కగట్టి, సీజన్‌కు ముందే మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలి.